ఏడాది చివరి లిస్టులు, మీ ఉత్తరాలు

డిసెంబర్ వస్తే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే గోల. పత్రికలన్నీ 'ఈ ఏటి ఉత్తమ ఆల్బమ్‌లు 50' అంటూ లిస్టులు వేస్తాయి, మీరు చదువుతారు, ఒళ్లు మండుతుంది, ఆ మంటంతా తెచ్చి ఇక్కడ కుమ్మరిస్తారు. లిస్టు వేసింది వాళ్లు, తిట్లు తినేది నేను. సరే, ఈ నెల పేజీలన్నీ వాటికే ఇచ్చేద్దాం. ఒకే ప్రశ్న చాలామంది అడిగితే కలిపేశాను. ఒకాయన పదకొండు పేజీలు రాశారు, అందులో నాకు మూడు వాక్యాలు మిగిలాయి, ఏమనుకోవద్దు.

ప్రశ్న: ఈసారి నేను చూసిన లిస్టుల్లో మొదటి స్థానంలో ఉన్న ఆల్బమ్ నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ ప్రాణం కాదు. 'బాగానే ఉందిలే' అంటారు, అంతే. అలాంటిది నంబర్ వన్ ఎలా అవుతుంది? డబ్బులేమైనా చేతులు మారతాయా?

జవాబు: డబ్బు దాకా ఎందుకండీ, కూడికలు చాలు. ఒక కాగితం తీసుకోండి. ఐదుగురు విమర్శకులున్నారనుకుందాం, ఒక్కొక్కరు పదేసి ఆల్బమ్‌లు వరసగా రాసివ్వాలి, మొదటిదానికి 10 పాయింట్లు, రెండోదానికి 9, అలా దిగుతూ పదోదానికి 1. ఒక ఆల్బమ్ అంటే ఇద్దరికి పిచ్చి, ఇద్దరూ దాన్నే మొదట పెట్టారు, మిగతా ముగ్గురికి అది సుతరామూ నచ్చలేదు, లిస్టులోనే రాయలేదు. దానికి వచ్చింది 20. ఇంకో ఆల్బమ్ ఎవరికీ మొదటిది కాదు, రెండోదీ కాదు, కానీ ఐదుగురూ 'ఇదీ ఉండాలి కదా' అని నాలుగో చోట రాశారు. తలా 7, మొత్తం 35. గెలిచింది ఇదే. మర్నాడు పత్రికలో దాని బొమ్మ పక్కన 'ఈ ఏటి ఉత్తమ ఆల్బమ్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆ ఐదుగురిలో ఎవరిని అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా ఆ మాట అనరు.

తమాషా ఏంటంటే, అదే ఐదుగురు, అవే ఇష్టాలు, లెక్క ఒక్కటి మార్చి చూడండి. న్యూయార్క్‌లో 'విలేజ్ వాయిస్' అనే వారపత్రిక 'పాజ్ అండ్ జాప్' పేరుతో విమర్శకుల ఓటింగ్ పెట్టేది. రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1971లో మొదలుపెట్టాడు, మధ్యలో ఆగి 1974 నుంచి ఏటా సాగింది. అందులో ఒక్కొక్కరి చేతికి 100 పాయింట్లు ఇచ్చి పది ఆల్బమ్‌లకు పంచుకోమనేవారు. దేనికీ 5కి తగ్గకూడదు, 30కి మించకూడదు. ఇప్పుడు మన పిచ్చివాళ్లిద్దరూ చెరో 30 వేశారనుకోండి, 60 అయింది. అందరి నాలుగో ఆల్బమ్‌కి తలా 10 పడితే 50. ఇందాక ఓడిన ఆల్బమ్ ఇప్పుడు గెలిచింది! ఎవరి అభిరుచీ ఇసుమంత మారలేదు.

అందుకే ఎవరైనా లిస్టు చూపించి 'చూశావా, విమర్శకులంతా ఇదే బెస్టు అంటున్నారు' అంటే, పాయింట్లు ఎలా వేశారని అడగండి. చాలా పత్రికలు ఆ సంగతి చెప్పవు. పైగా కూడికలు అయ్యాక ఎడిటర్లు కూర్చుని పైనవి కిందకీ, కిందవి పైకీ సర్దడం కూడా ఉంటుంది. అందులో మోసమేం లేదు, పత్రిక వాళ్లది, లిస్టు వాళ్లది. కాకపోతే దాన్ని ఓటు అనకూడదు.

ప్రశ్న: మా అభిమాన గాయని ఆల్బమ్ 38వ స్థానంలో ఉంది, నాకు అస్సలు గిట్టని బ్యాండ్‌ది 37. ఇది న్యాయమా?

జవాబు: ఆ రెంటి మధ్య ఉన్నది ఎవరో ఒక్కరు పొద్దున్నే కాఫీ పడక వేసిన ఒక పాయింటు అయి ఉండొచ్చు. మొదటి ఐదారు దాటాక ఆ అంకెలు బస్సులో సీటు నంబర్లు. ఎక్కారా లేదా అన్నదే లెక్క.

ప్రశ్న: డిసెంబర్‌లో వచ్చే ఆల్బమ్‌ల సంగతేంటి? నవంబర్ చివర్లోనే లిస్టులు వేసేస్తే ఆఖరి నెల ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?

జవాబు: ఎవరి ఖాతాలోకీ వెళ్లదు, అదే దారుణం. అచ్చు పత్రిక అయితే ముందే ప్రెస్సుకు వెళ్లాలి, వెబ్‌లో అయితే పక్కవాళ్ల కంటే ముందు వేయాలనే తొందర. దాంతో పన్నెండు నెలల ఏడాది పదకొండు నెలలకు కుదించుకుపోయింది. 2013 డిసెంబర్ 13న అమెరికన్ గాయని బియాన్సే ఎలాంటి ప్రకటనా లేకుండా తన పేరుతోనే ఓ ఆల్బమ్ విడుదల చేసింది. అప్పటికి చాలా పత్రికల లిస్టులు వచ్చేశాయి, 'ఏడాది ముగిసింది' అని ముందుమాటలు కూడా రాసుకున్నారు పాపం. ఏడాది తిరిగేసరికి, 2014 డిసెంబర్ 15న అమెరికన్ గాయకుడు డియాంజెలో ఆల్బమ్ 'బ్లాక్ మెసయా' వచ్చింది. అంతకు ముందు ఆల్బమ్ 2000 జనవరిలో తెచ్చిన మనిషి, దాదాపు పదిహేనేళ్లు ఊరించి ఊరించి, లిస్టులన్నీ మూసేశాక తలుపు కొట్టాడు. ఇందాక చెప్పిన 'పాజ్ అండ్ జాప్' ఫలితాలు మాత్రం కొత్త సంవత్సరం వచ్చాక వేసేవాళ్లు. ఆ ఏడాది అందులో మొదటి స్థానం ఏ ఆల్బమ్‌ది అనుకున్నారు? 'బ్లాక్ మెసయా'దే. నాలుగు వారాలు ఆగితే మొదటి స్థానమే వేరు, ఆగకపోతే ఆ పేరే లేదు.

మరుసటి ఏడాది లిస్టులో వేసుకోవచ్చు కదా అంటారు. కొందరు వేస్తారు. కానీ అప్పటికి అది నిరుటి ఆవకాయ, కొత్త జాడీ పక్కన పెడితే ఎవరు చూస్తారు? జనవరిలో వచ్చినవాటిదీ అదే గతి అనుకోండి, డిసెంబర్ నాటికి ఎవరికీ గుర్తుండవు. చలికాలానికి కాస్త ముందు వచ్చినవాళ్లదే అదృష్టం.

ప్రశ్న: విమర్శకులు తప్పులో కాలేసిన సందర్భాలు చెప్పండి. మా ఆఫీసులో ఒకతనితో పందెం కాశాను, కాస్త గట్టివి కావాలి.

జవాబు: పందెంలో నా వాటా పంపాలి మరి. అందరూ చెప్పే ఉదాహరణ 1991 నాటిది. అమెరికా సంగీత పత్రిక 'స్పిన్' ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా స్కాట్లాండ్ బ్యాండ్ టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ చేసిన 'బ్యాండ్‌వ్యాగనెస్క్'ను పెట్టింది. తర్వాత రాక్ సంగీతం దారినే మార్చేసిన నిర్వాణా బ్యాండ్ ఆల్బమ్ 'నెవర్‌మైండ్' అదే లిస్టులో దాని కింద ఉంది! ముప్పై ఏళ్లుగా పాపం స్పిన్‌ వాళ్లను దీనికి ఏడిపిస్తూనే ఉన్నారు.

కానీ పందెం గెలిచేముందు ఒక్క మాట. 'నెవర్‌మైండ్' వచ్చింది 1991 సెప్టెంబర్ చివర్లో. అమెరికాలో బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది 1992 జనవరిలో, మైకేల్ జాక్సన్‌ని పక్కకు నెట్టి. అంటే లిస్టు రాసే రోజుకి అది ఒక మంచి కొత్త ఆల్బమ్, అంతే. తర్వాత అది మార్చబోయే ప్రపంచం ఇంకా మారలేదు. రెండు ఆల్బమ్‌లు బల్ల మీద ఉన్నాయి, వాళ్లకు ఒకటి ఎక్కువ నచ్చింది. నిజానికి 'బ్యాండ్‌వ్యాగనెస్క్' విని చూడండి, ఆ గిటార్లలోని తీపి ఇప్పటికీ తగ్గలేదు. నాకైతే వాళ్లు చేసింది తప్పనిపించదు, ధైర్యం అనిపిస్తుంది. మీ ఆఫీసు మిత్రుడికి ఈ పేరా చూపించకండి.

1997 కూడా చెప్పుకోవచ్చు. ఇవాళ ఆ ఏడాది అనగానే అందరి నోటా వచ్చే పేరు రేడియోహెడ్ బ్యాండ్ ఆల్బమ్ 'ఓకే కంప్యూటర్'. కానీ బ్రిటన్‌లో ఎన్‌ఎంఈ పత్రిక స్పిరిచువలైజ్డ్ బ్యాండ్ ఆల్బమ్‌ని మొదట పెట్టింది, 'పాజ్ అండ్ జాప్' విమర్శకులేమో బాబ్ డిలన్ 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్'కి పట్టం కట్టారు. ఏడాది చివర్లో వేసే లిస్టు ఆ నెల ఫోటో. పాతికేళ్ల తర్వాత ఆ ఫోటో చూసి జుట్టు అలా ఉందేంటని నవ్వడం తేలికే.

ప్రశ్న: విమర్శకుల్ని పక్కన పెట్టి జనాన్నే ఓటేయమంటే సరిపోదా? వినేది మేమే కదా!

జవాబు: మీరు మాత్రం తక్కువ తిన్నారా? 1996లో అమెరికా సంగీత పత్రిక 'రోలింగ్ స్టోన్' పాఠకులు ఓటేసి మరీ వీజర్ బ్యాండ్ 'పింకర్‌టన్'ను ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో మూడోదిగా తేల్చారు. విమర్శకులు కాదు, పాఠకులు. 2004కి వచ్చేసరికి అదే పత్రిక దాన్ని మళ్లీ విని ఐదు నక్షత్రాలు వేసింది. ఇక ఇప్పటి ఆన్‌లైన్ ఓటింగుల్లో అయితే ఏ గాయకుడికి ఎక్కువమంది నిద్ర మానుకునే అభిమానులున్నారో తేలుతుంది తప్ప సంగీతం సంగతి కాదు. రాత్రంతా కూర్చుని ఓట్లు వేసి, పొద్దున 'చూశారా ప్రజల తీర్పు' అంటారు. నేనూ ఒకసారి వేశానులెండి, నాలుగు మెయిల్ ఐడీలతో. మా బ్యాండ్ ఓడిపోయింది.

అసలు ఎవరు ఓటేస్తారన్నదే లిస్టు. అదే రోలింగ్ స్టోన్ 2003లో ఎప్పటికీ మేటి 500 ఆల్బమ్‌లని ఓ పెద్ద లిస్టు వేసింది, మొదటిది బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్'. 2020లో ఓటర్లను కొత్తగా పిలిచి మళ్లీ వేయిస్తే గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటికి వచ్చింది, బీటిల్స్ ఆల్బమ్ 24కి దిగింది. 1967లో వచ్చిన ఆ బీటిల్స్ ఆల్బమ్‌లో ఈ పదిహేడేళ్లలో ఒక్క స్వరం కూడా చెడిపోలేదు. వినేవాళ్లు మారారు.

ప్రశ్న: మా తమ్ముడు లిస్టుల్లో మొదటి పది తప్ప వినడు. 'అక్కా, పదో నంబర్ తర్వాత అంతా చెత్త' అంటాడు. వాడికి బుద్ధి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, పైన ఐదుగురి కూడిక మళ్లీ చదువు. ఎవరికైనా పిచ్చెక్కించిన ఆల్బమ్‌లు చాలావరకు 20 నుంచి 50 మధ్యలో నక్కి ఉంటాయి, ఎందుకంటే వాటికి ఓటేసినవాళ్లు తక్కువమంది, గట్టిగా వేశారు. పై పదీ అందరూ ఒప్పుకున్నవి. వీలైతే ఉమ్మడి లిస్టు వదిలేసి విమర్శకులు విడివిడిగా ఇచ్చిన లిస్టులు చదువు, కొన్ని పత్రికలు అవి కూడా వేస్తాయి. అందులో నీకిష్టమైనవి రెండు మూడు ఉన్న మనిషిని పట్టుకో. ఆ మనిషి లిస్టులో నువ్వు విననివి ఏమున్నాయో చూడు. నాకు అలా ఓ విమర్శకురాలు దొరికింది, పదేళ్లుగా ఆమె ఏడో స్థానంలో పెట్టినదే నాకు ప్రతిసారీ మొదటిదవుతోంది, ఎందుకో ఇప్పటికీ అంతుపట్టదు.

అక్కయ్యగారూ, మీరూ వాణ్ణి మరీ సతాయించకండి. పదైనా వింటున్నాడు.

ప్రశ్న: నా సొంత లిస్టు రాసుకుందామని కూర్చున్నాను. గొప్పవి రాయాలా, ఎక్కువసార్లు విన్నవి రాయాలా? రెండూ ఒకటి కావట్లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ నాకు తెలుసు. నిరుడు నేను కష్టపడి లిస్టు రాసి, అందరికీ పంపించి, ఆ సాయంత్రం ఫోన్ తీస్తే పాటల యాప్ నా ఏడాది లెక్క చూపించింది. నేను మూడో స్థానంలో రాసి, దాని గురించి 'లోతు', 'నిర్మాణం' లాంటి మాటలు కూడా వాడిన ఆల్బమ్‌ని మొత్తం మీద విన్నది రెండుసార్లు. అందులో ఒకసారి మధ్యలో నిద్రపోయాను. లిస్టులో పేరే లేని ఇంకో ఆల్బమ్, మామూలు గిటార్ బ్యాండ్, 90 సార్లు. గిన్నెలు తోముతూ విన్నదంతా అదే. రెండో పాట మొదట్లో డ్రమ్మర్ కర్రలు నాలుగుసార్లు టక్ టక్ మనిపిస్తాడు, ఆ చప్పుడు వినపడగానే నా చెయ్యి దానంతటదే కుళాయి కట్టేస్తుంది, తర్వాత వచ్చే గిటార్ నీళ్ల హోరులో పోకూడదని. అలాంటిదాన్ని వదిలేసి రెండుసార్లు విన్నదాన్ని ఎందుకు రాశానంటే, అందరి లిస్టుల్లో ఉంది, నా లిస్టులో లేకపోతే చిన్నతనంగా ఉంటుందని. విమర్శకులు కూడా మనుషులే, వాళ్లలో కొందరైనా ఇదే పని చేస్తారని నా గట్టి అనుమానం. ఆ నాలుగో చోటు ఆల్బమ్‌లు పుట్టేది ఇలాగే.

మీ ప్రశ్నకు జవాబంటారా, నన్నడిగితే చెయ్యి కుళాయి మీదకు ఏ పాటకు వెళ్తుందో అదే రాయండి. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, నా భార్య సహా. ఎక్కువసార్లు వినడం అలవాటే కానీ గొప్పతనం కాదంటుంది తను, కొన్ని ఆల్బమ్‌లు ఏడాదికి ఒక్కసారే వినగలం, అంత బరువుంటాయని. అదీ నిజమే. కాకపోతే తను లిస్టు రాయదు.

ప్రశ్న: ఇంత చెప్పారు కదా, ఈ ఏడాది మీ నంబర్ వన్ ఏది? తప్పించుకోకుండా చెప్పండి.

జవాబు: ఇది రాస్తున్న రోజుకి డిసెంబర్‌లో ఇంకా పన్నెండు రోజులున్నాయి. జనవరి రెండో వారంలో మళ్లీ అడగండి.