నలుగురు కలిసి కూర్చుంటే నీట్ బయాలజీ ముందుకెళ్తుందా?

చీపురుపల్లి నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ, విజయనగరంలో డే స్కాలర్. అదే ట్రైన్‌లో వచ్చే ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి సాయంత్రాలు మా ఇంట్లో నీట్ బయాలజీ చదువుతానంటుంది, ఇద్దరిది గరివిడి, ఒకమ్మాయిది మా వీధే. మాక్ టెస్టుల్లో బయాలజీ 240 దగ్గరే ఆగిపోతుంది. కబుర్లతో టైం పోతుందని నా భయం. తనకొచ్చింది వాళ్ళకి చెప్పేస్తే తన ర్యాంకే కదా పోయేదని వాళ్ళమ్మ అంటుంది. ఒప్పుకోవాలా?"

ఒప్పుకోండి సార్. కాకపోతే "కలిసి చదువుతాం" అంటే ఏం చేస్తారో ముందు అడగండి. నలుగురూ చెరో పుస్తకం తెరుచుకుని ఒకే రూమ్‌లో కూర్చోవడమైతే మీ భయమే నిజం, అరగంటలో కాలేజీ కబుర్లు మొదలైపోతాయి, అందులో పిల్లల తప్పేం లేదు. చదవడం ఎవరింట్లో వాళ్ళే చదవాలి. కలిసేది పుస్తకం మూసి ఒకళ్ళనొకళ్ళు అడుక్కోడానికి మాత్రమే. ఈ ఒక్క రూల్ ఒప్పుకుంటే వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఒక పూట ఇవ్వండి, రోజూ అక్కర్లేదు.

ముందు అమ్మగారి మాట తేల్చేద్దాం. 2025లో నీట్ రాసినవాళ్ళు దేశం మొత్తం మీద 22 లక్షల పైనే. అంతమందిలో గరివిడి పిల్లలు ఇద్దరికి మీ అమ్మాయి మియోసిస్ (కణ విభజన పాఠం) చెప్తే తన సీటు పోదండి. నిజానికి చెప్పేవాళ్ళకే ఎక్కువ లాభం, వచ్చనుకున్నది నోటితో చెప్పబోతే సగంలో ఆగిపోతుంది చూడండి, అక్కడే తెలుస్తుంది ఏది రాదో.

ఇప్పుడు ఆ 240 సంగతి, అసలు మాట్లాడుకోవాల్సింది దీని గురించే. బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1. 60 రైటు పెట్టి మిగతా 30 ముట్టుకోకుండా వదిలేసినా 240 వస్తుంది, 90కి 90 పెట్టేసి 66 రైటు 24 తప్పు అయినా 240యే వస్తుంది. మార్కు ఒకటే గానీ జబ్బులు వేరు. మొదటి పిల్లకి చదివింది టైంకి గుర్తు రావట్లేదు, లేదా భయం. రెండో పిల్లకి అన్నీ తెలిసినట్టే ఉంటాయి గానీ పక్కాగా ఏదీ తెలీదు. మీ అమ్మాయి చివరి మూడు మాక్‌ల కీ తెచ్చుకుని తను ఏ రకమో ముందు చూడమనండి, మిగతా ముగ్గురిని కూడా. వదిలేసే పిల్లని, తొందరపడి పెట్టేసే పిల్లని జంటగా కూర్చోబెట్టండి, ఒకళ్ళు "ఎందుకు వదిలేశావ్" అని, ఇంకొకళ్ళు "ఏ ధైర్యంతో పెట్టావ్" అని నిలదీసుకుంటారు. మనం అడిగితే మొహం మాడ్చుకుంటారు గానీ ఫ్రెండ్ అడిగితే నవ్వుతూ చెప్తారు.

కలిసినప్పుడు ఏం చెయ్యాలంటే, ఒక్కొక్కళ్ళు ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం నుంచి పది వాక్యాలు రాసుకుని రావాలి, అందులో నాలుగైదింట్లో ఒక్క మాట మార్చెయ్యాలి. ఉదాహరణకి పుస్తకంలో అనాఫేజ్ 1లో హోమోలోగస్ క్రోమోజోములు విడిపోతాయి, సిస్టర్ క్రోమాటిడ్లు సెంట్రోమియర్ దగ్గర అతుక్కునే ఉంటాయని ఉంటుంది. అక్కడ 1 తీసి 2 పెట్టి చదివితే ఎంతమంది పట్టుకుంటారో చూడండి. నీట్‌లో స్టేట్‌మెంట్ ప్రశ్నలు, అసర్షన్ రీజన్ (ఒక మాట, దానికో కారణం ఇచ్చి ఏది నిజమో అడిగేవి) ఇలాగే దెబ్బతీస్తాయి. యానిమల్ కింగ్‌డమ్ ఎగ్జాంపుల్స్ అయితే నోటితోనే అడుక్కోవచ్చు, ట్రైన్‌లో కూడా అయిపోతుంది, ఫైసేలియా ఏ జంతు వర్గంలో, ప్లూరోబ్రాకియా ఏ వర్గంలో అని (మొదటిది సీలెంటరేటా, రెండోది టీనోఫోరా, ఈ రెండూ కలిపేసుకోని పిల్లలు తక్కువ). బొమ్మలకి పేర్లు మూసేసి అడగాలి. జెనెటిక్స్ లెక్కలు, పెడిగ్రీలు (వంశవృక్షం బొమ్మలు) మాత్రం ముందు ఎవరికి వాళ్ళే చేసి తర్వాత ఆన్సర్ చూపించుకోవాలి, లేకపోతే చురుకైన పిల్ల ఒక్కతే చేస్తుంది, మిగతావాళ్ళు తలూపుతారు.

ఇంకోటి, నలుగురి పుస్తకాలూ ఒకటేనా చూడండి. సీనియర్ అక్కలిచ్చిన పాత ఎన్‌సీఈఆర్‌టీలో పదకొండో క్లాసుకి 22 చాప్టర్లు, పన్నెండుకి 16 ఉంటాయి, కొత్తదాన్లో 19, 13. ట్రాన్స్‌పోర్ట్ ఇన్ ప్లాంట్స్, మినరల్ న్యూట్రిషన్, డైజెషన్ కొత్తదాన్లో లేవు. ఒకమ్మాయి పాతది, ఒకమ్మాయి కొత్తది పట్టుకుని వాదించుకుంటే సాయంత్రం మొత్తం పోతుంది. అలాగని కొత్త పుస్తకం ఒక్కటే చాలనుకోకండి, ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) ఇచ్చిన నీట్ సిలబస్‌లో మాల్వేసి, క్రూసిఫెరే లాంటి మొక్కల ఫ్యామిలీలు ఉన్నాయి, కొత్త పుస్తకంలో చూస్తే సొలనేసి ఒక్కటే కనిపిస్తుంది. సిలబస్ ప్రింట్ తీయించి గోడకి అంటించండి, గొడవొస్తే దాన్నే అడగాలి.

వాళ్ళలో ఎవరైనా తెలుగు మీడియం పిల్ల ఉంటే పేపర్ తెలుగులో కూడా ఉంటుంది, కానీ ట్రాన్స్‌లేషన్‌లో తేడా వస్తే ఇంగ్లీషుదే ఫైనల్, కాబట్టి ఆ అమ్మాయి చేత ప్రతి మాటకీ తెలుగు, ఇంగ్లీషు పేర్లు రెండూ పలికించండి.

ఫిజిక్స్‌కి ఈ పద్ధతి వద్దు. లెక్కలు ఒంటరిగా కూర్చుని చెయ్యాల్సిందే, డౌట్ ఉంటే లెక్చరర్‌ని అడగాలి. మూడు గంటల్లో 180 ప్రశ్నలు కాబట్టి బయాలజీ 50 నిమిషాల్లోపు దించుకుంటేనే ఫిజిక్స్‌కి ఊపిరి ఆడుతుంది, అందుకే ఆదివారం పూట నలుగురూ ఓఎంఆర్ షీట్ మీద 90 ప్రశ్నలు గడియారం పెట్టుకుని రాసి, షీట్లు మార్చుకుని దిద్దుకోవాలి. ఆ టైంలో ఫోన్లన్నీ మీ దగ్గర.

నెలన్నర చూడండి. తప్పుల లెక్క తగ్గకపోతే ఆపెయ్యమనండి, మొహమాటం వద్దు. ముగ్గురు చాలు, నలుగురు ఫర్వాలేదు, ఐదో అమ్మాయిని చేరుస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. గరివిడి పిల్లల్ని చీకటి పడ్డాక పంపడం ఎలాగో వాళ్ళ నాన్నలతో ముందే మాట్లాడుకోండి, చాలా గ్రూపులు చదువు వల్ల కాదు దీనివల్లే ఆగిపోతాయి.

ఈఏపీసెట్ (మన రాష్ట్ర ఎంట్రన్స్) కూడా నలుగురి చేతా అప్లై చేయించండి. అందులో 160కి 80 బయాలజీయే, మైనస్ మార్కులుండవు, అగ్రికల్చర్ బీఎస్సీకి దారి అదే, శ్రీకాకుళం దగ్గర నైరలో కాలేజీ ఉంది. వదిలేసే అలవాటున్న పిల్లకి ఆ పరీక్షలో ఒక్కటి కూడా వదలొద్దని ఇప్పట్నుంచే చెప్పండి.