సెంట్ల గడిలో సున్నా

చిత్తూరు, గిరింపేట

అమ్మాయీ,

మీ నాయన రాత్రి ఫోన్ చేసి చెప్పినాడు. తిరపతిలో కొర్లగుంట దగ్గర రూము బాడుగకు తీసుకున్నావంట, ఆరుగురు పిలకాయల్ని పెట్టుకుని పాత భూమి రిజిస్టర్లు కంప్యూటర్‌కి ఎక్కించే పని ఒప్పుకున్నావంట. మీ అవ్వ ఉండుంటే వీధంతా చెప్పుకుని తిరిగేది. నాకూ అంతే సంతోషంగా ఉంది, కానీ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

స్కానర్ అద్దం రోజూ తుడవండి. సాయంత్రం ఫైళ్ళు రెండు చోట్ల కాపీ పెట్టండి. ఇవి నీకు తెలిసినవే.

ఓసీఆర్ మీద, అంటే స్కాన్ చేసిన కాగితంలో అక్షరాల్ని మిషనే చదివే పద్ధతి మీద, జాస్తి ఆశ పెట్టుకోవద్దు. అచ్చు కాగితంలోనే థ, ధ తారుమారు చేస్తుంది. 1984లో కరణాలను తీసేసేదాకా వాళ్ళు రాసిన లెక్కలు చాలావరకు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా రాసిన వరసలో ఏ అక్షరం యాడ ముగిసిందో మనకే తెలీదు, మిషన్ ఏం చెప్తుంది? చివరికి పనంతా మీ పిల్లల వేళ్ళ మీదికే వస్తుంది. నా గుబులంతా అక్కడే. మిషన్ తప్పు చదివితే పిచ్చి అక్షరాలు వస్తాయి, చూడగానే దొరికిపోతాయి. మనిషి ఊహించి కొడితే చక్కటి పేరు వస్తుంది, దాన్ని ఎవరూ అనుమానించరు.

చదవలేని చోట అందరూ ఒకే గుర్తు పెట్టాలి, రెండు ప్రశ్న గుర్తులనుకో. ఒకమ్మాయి చుక్కలు పెట్టి, ఇంకొకమ్మాయి ఖాళీగా వదిలేస్తే, ఆ ఖాళీ కాగితంలోనే ఉందా, ఆ పిల్ల చదవలేకపోయిందా అని తర్వాత ఎవరు చెప్తారు? వెంకటప్ప, వేంకటప్ప ఏది ఉంటే అదే కొట్టాలి. పాత రాతలో ‘ధమ౯య్య’ అని కనిపిస్తే ఆ తొమ్మిది అంకె కాదు, వలపలగిలక, అంటే పాత రాతలో ‘ర్’ గుర్తు. ధర్మయ్య అని కొట్టమను. సర్వే నంబరు గడిని ముందే టెక్స్ట్ చేసి పెట్టు, లేకపోతే 5/3ని ఎక్సెల్ తేదీ చేసేస్తుంది. ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, 1380 అని ఉంటే 1970 అని మార్చొద్దు. ఫసలీ జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది, అది రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో పడుతుంది.

ఇప్పుడు చెప్పేది మీ నాయనకు కూడా తెలీదు.

ఇట్లాంటి రిజిస్టర్లు ఎక్కించే పనికే నేను సూపర్‌వైజర్ అయిన తొలి ఏడు. గడువు ముంచుకొచ్చింది. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా కొట్టి సరిపోల్చే పద్ధతి మాకుండేది. దాన్ని నేనే ఆపించి, రిజిస్టర్ని ఇద్దరికీ చెరిసగం పంచినాను. పేజీ అడుగున ‘మొత్తం’ వరస ఉంటుంది చూడు, టైము ఆదా అవుతుందని అది కూడా వద్దన్నాను. కాగితంలో ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఒక గడి ఉన్నాయి. మా ఫైల్లో రెండింటికీ కలిపి ఒకటే. మూడెకరాల ఎనిమిది సెంట్లను ఒకమ్మాయి 3.08 అని కొట్టింది, ఇంకొకమ్మాయి 3.8 అని. ఆ పిల్లది తప్పు కాదు. సెంట్ల గడిలో ఉన్నది 8 ఒక్కటే, సున్నా చేర్చాలని నేను చెప్పలేదు. కంప్యూటర్ దాన్ని 3.80 చేసింది.

ఆర్నెల్లకు ఒక పెద్దాయన వచ్చినాడు. భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో మడతల దగ్గర చిరుగుతున్న పట్టా. అన్నదమ్ములిద్దరికీ చెరి 3.08, మొత్తం 6.16. వాళ్ళ ఖాతాలు వేరే పేజీల్లో ఉండి వేరే చేతుల్లో పడినాయి. మా లెక్కలో తమ్ముడికి 3.80. సర్వే నంబరుకున్న విస్తీర్ణం మించిపోయిందని ఇద్దరికీ పంట అప్పు ఆపేసినారు. అదొక ఎత్తు. తమ్ముడు డబ్బిచ్చి డెబ్బై రెండు సెంట్లు జాస్తి రాయించుకున్నాడని అన్న, అంటే ఈ పెద్దాయన, నమ్మినాడు. మాటలు ఆగిపోయినాయి. “వాడు నా చేతుల్లో పెరిగినాడమ్మా” అని నా టేబుల్ ముందు నిలబడి అన్నాడు. కూర్చోమనడానికి కూడా నాకు నోరు రాలేదు.

సరిదిద్దుదామంటే, ఫైల్లో .80 అని ఉన్నది ఎనభై సెంట్లా, ఎనిమిదా? పాత పేజీలన్నీ మళ్ళీ తెరిచినాం. మొత్తం వరస కొట్టుంటే ఆ సాయంత్రానికే దొరికుండేది.

అందుకే తల్లీ, ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఒక గడి పెట్టు. సెంట్లు ఎప్పుడూ రెండంకెలే, 08 అని. ప్రతి పేజీ ఇద్దరు కొట్టాలి, ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు. తేడా వస్తే మూడో మనిషి కాగితం చూసి తేల్చాలి, వాళ్ళను అడిగి కాదు. మొత్తం వరస కొట్టి, కూడి చూడాలి. కొత్త అనుమానం వస్తే ఆ రోజే నిర్ణయించి తేదీ వేసి గోడకు అంటించు, అంతకుముందు కొట్టిన పేజీలను కూడా దాని ప్రకారం మళ్ళీ చూడండి. దీంట్లో బద్ధకిస్తే నేను ఊరుకోను.

పేజీకి ఇంత అని కూలి కట్టొద్దు. ప్రశ్న గుర్తులు జాస్తి పెట్టిన పిల్లను తిట్టొద్దు, భయపడితే ఊహించి కొట్టడం మొదలుపెడుతుంది. నువ్వు కూడా పని మీదపడి మధ్యాహ్నం తిండి మానేస్తావని నాకు తెలుసు, మానొద్దు.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తా. తొలి యాభై పేజీల్లో తేడాలొచ్చినవన్నీ అసలు కాగితాలతో సహా విడిగా తీసి పెట్టు. చెనిక్కాయల పొడి డబ్బా తెస్తా, పిలకాయలకు కూడా సరిపోయేంత.

మీ అత్త