ప్రమాదాలు సున్నా అని రిజిస్టర్‌లో ఉంటే సేఫ్టీ ప్రోగ్రామ్ బాగున్నట్టేనా?

మీ సైట్‌లో ఏడాదిగా ఒక్క ప్రమాదమూ నమోదు కాలేదని, దాన్ని నమ్మవచ్చా అని అడిగారు. నేను కర్నూలు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ పనుల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. ఆ సున్నా ఒక్కటే చూసి ఊరుకోవద్దండి. ప్రమాదం లేకపోతేనే బోనస్ అన్న సైట్‌లో, కాలికి మేకు గుచ్చుకున్న మనిషి గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగుతాడు. చెబితే కూలి పోతుందని, తోటివాళ్లు తిడతారని భయం.

నేనైతే ముందు తృటిలో తప్పిన ప్రమాదాల గురించి అడుగుతాను. పరంజా మీద నుంచి ఇటుక జారింది, ఎవరికీ తగల్లేదు. అది మీదాకా వచ్చిందా? వస్తే ఎన్నాళ్లకు సరిచేశారు? నెలంతా ఇలాంటిది ఒక్కటీ రాలేదంటే జనం చెప్పడం మానేశారని నాకు అనుమానం.

సైట్‌కి పొద్దున కాదు, భోజనాలయ్యాక వెళ్లండి. అప్పటికి ఎండకి హెల్మెట్లు పక్కకి పోయుంటాయి. ఎత్తు నుంచి పడకుండా ఆపే సేఫ్టీ బెల్ట్ వేసుకున్నారో లేదో అందరూ చూస్తారు, మీరు హుక్ దేనికి తగిలించారో చూడండి. ఊగే సర్వి కర్రకి తగిలిస్తే ఆ బెల్ట్ ఉన్నా లేనట్టే.

మన నల్లరేగడి నేలల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఫుటింగ్ గుంతలు, అంటే పునాది కోసం తవ్వేవి. ఎండకి నెర్రెలిచ్చిన మట్టి, ఒక వాన పడగానే పెళ్లలుగా విరిగి పడుతుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) సేఫ్టీ కోడ్ ప్రకారం కందకం 1.5 మీటర్లు, ఆ పైన లోతుంటే పక్కల్ని ఏటవాలుగా తీయాలి, లేదా చెక్కలతో ఆపు కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. కానీ జేసీబీ అంచునే పోసేస్తుంది, మళ్లీ పూడ్చడం తేలికని. మేము ఎన్ని క్లాసులు చెప్పినా ఇది మారలేదు. దూరంగా పోయడానికి పట్టే జేసీబీ గంటల్ని బిల్లులో ముందే కలిపాక మారింది. వాన వెలిశాక గుంత చూసి ‘దిగొద్దు’ అనే అధికారం మేస్త్రికే ఇచ్చాం, ఆ పూట కూలి ఎవరికీ కోసేది లేదని కూడా చెప్పాం. ఈ రెండో మాట లేకపోతే మొదటిది పనిచేయదు.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకి తెలుగులో చెప్పి సంతకాలు తీసుకుంటే శిక్షణ ఇచ్చినట్టు కాదు. హిందీ వచ్చిన మేస్త్రితో చెప్పించి, విన్నది వాళ్ల నోటితో తిరిగి చెప్పించండి.

రేపే మొదలుపెట్టాలంటే, పేరు అడగని ఒక నోట్‌బుక్ టీ కాచే చోట పెట్టండి. రాయడం రానివాళ్లు మేస్త్రికి చెప్పి రాయించుకోవచ్చు. అందులో వచ్చిన మొదటి ఫిర్యాదుని ఆ రోజే అందరూ చూస్తుండగా సరిచేయండి, రెండోది వాళ్లే తెచ్చి చెబుతారు.