నిషేధం కాదు, ధరల దగ్గర మొదలుపెట్టండి

తమ్ముడూ, "రసాయన ఎరువులు నిషేధించాలి" అన్న నీ సెమినార్ పేపర్‌ని సార్ ఎందుకు తిప్పికొట్టారని అడిగావు కదా. శ్రీలంక 2021లో అదే చేసింది. ఏప్రిల్‌లో దిగుమతుల నిషేధం ప్రకటించి, రైతులు గొడవ చేశాక నవంబర్‌లో వెనక్కి తగ్గింది. అప్పటికే దెబ్బ తగిలి, ఆ తర్వాతి కోతల్లో వరి దిగుబడి పడిపోయింది. రైతుకి తయారయ్యే టైమే ఇవ్వలేదు మరి!

నువ్వు మన సబ్సిడీ మీద రాయి. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ, అంటే ఎరువులో ఎంత పోషకం ఉంటే దాన్నిబట్టి ఇచ్చే సబ్సిడీ, తెచ్చినప్పుడు యూరియాని అందులో కలపలేదు. దాని ధర ప్రభుత్వమే తక్కువలో కట్టేసి ఉంచింది. ఇవాళ 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలు, 50 కిలోల డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) 1350. ఆకు కాస్త పసుపు తిరిగితే చాలు, మావూళ్లో ఇంకో బస్తా యూరియా చల్లేస్తారు. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే వరిలో సుడిదోమ అనే రసం పీల్చే పురుగు రెచ్చిపోతుంది, మళ్లీ మందు కొట్టాలి. నేనైతే యూరియా ధర మెల్లగా పెంచి, అలా మిగిలే సబ్సిడీ డబ్బు ఎకరాల లెక్కన నేరుగా రైతు ఖాతాలో వేయమంటాను. కౌలు రైతుని మాత్రం మర్చిపోకు, భూమి పాస్‌బుక్ అతని పేరున ఉండదు.