పుస్తెలు తీయనంటున్న అమ్మకు మోకాలి ఆపరేషన్ ఎలా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. వచ్చే నెల హనుమకొండలో కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంది. మొన్న పరీక్షలకు వెళ్తే నర్స్ "ఆ రోజు పుస్తెలు, మెట్టెలు, గాజులు, చేతి దారం అన్నీ తీసేసి రావాలి" అంది. అమ్మ అక్కడే ఏడ్చేసింది. "మీ నాయిన బతికుండంగ ఇవన్నీ తీస్తనా? నాకు ఆపరేషనే వద్దు" అంటోంది. శనివారం ఒక్కపొద్దు మానదు. ఆసుపత్రిలో మేడారం బంగారం (అమ్మవార్ల బెల్లం ప్రసాదం) పక్కన పెట్టుకుంటానంటోంది. మోకాలు బాగైతే మేడారం వస్తానని మొక్కింది కూడా. నర్స్‌తో గట్టిగా మాట్లాడాలా, అమ్మనే ఒప్పించాలా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: పుస్తెలు, మెట్టెలు, గాజులు మూడూ ఒకేసారి తీయించేది ఎప్పుడో మీకు నేను చెప్పనక్కర్లేదు. భర్త పక్కనే ఉండగా ఆ మూడింటి పేర్లూ ఒక్క వరుసలో వినేసరికి మీ అమ్మకు గుండె జారి ఉంటుంది. అది మొండితనం కాదు. అట్లని నర్స్‌తో గొడవ పెట్టుకోకండి. ఆమె చేతిలో ఆపరేషన్‌కు ముందు టిక్ పెట్టే కాగితం ఉంటుంది, అందులో నగలు తీశారా లేదా అనే గడి ఉంటుంది. రోజూ అందరికీ చెప్పే మాటే మీ అమ్మకూ చెప్పింది. ఏది ఎందుకు తీయాలో విడివిడిగా చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మెట్టెల విషయంలో రాజీ లేదు. ఆపరేషన్ చేసే కాలిని వేళ్ల దాకా మందుతో కడుగుతారు. ఏళ్ల తరబడి తీయని మెట్టె కింద మురికి, క్రిములు పేరుకుని ఉంటాయి. కొత్తగా పెట్టిన కీలుకు ఇన్ఫెక్షన్ సోకితే మోకాలిని మళ్లీ తెరవాల్సి రావచ్చు. పైగా ఆపరేషన్ తర్వాత పాదం వాస్తుంది. మెట్టె బిగుసుకుంటే వేలికి రక్తం ఆడదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాలైతే నొప్పి కూడా తెలియదు. ఆ రోజు పొద్దున లాగితే రావు కాబట్టి వారం ముందే సబ్బునీళ్లతో ప్రయత్నించండి. రాకపోతే అవుసలి దగ్గర కోయించి, తర్వాత అతికించుకోవచ్చు.

మట్టిగాజులు పగిలితే గుచ్చుకుంటాయి, సెలైన్ సూదికి అడ్డం వస్తాయి. పండుగ దగ్గర్లో ఉంటే గోరింటాకు ఒక చేతి చూపుడు వేలికి మాత్రం పెట్టొద్దు. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు. ముదురు రంగు ఉంటే రీడింగ్ తేడాగా రావచ్చు. గోళ్ల రంగుదీ అదే కథ.

ఇక పుస్తెలతాడు. మెడ ఎక్కడ, మోకాలు ఎక్కడ అని మీ అమ్మ అడిగితే న్యాయమే. రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలే ప్రమాదం తక్కువే, కానీ ఉంది. ఉన్నట్టుండి మెడలో గొట్టం వేయాల్సి వస్తే గొలుసు అడ్డం. దీనికి మన ఆడవాళ్ల దగ్గర పాత ఉపాయమే ఉంది: పుస్తెలు తీసేటప్పుడు పసుపు కొమ్ము కట్టిన తాడు వేసుకోవడం. కొత్త దారం, ఎండిన కొమ్ము అయితే చాలామంది మత్తు డాక్టర్లు ఒప్పుకుంటారు, లోహం లేదు కదా. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చూసే రోజునే ఇది అడగండి. అదీ కుదరదంటే, పుస్తెలు తీయాల్సింది నర్స్ కాదు, మీ నాన్న. ఆయన చేత్తోనే తీసి, జేబులో పెట్టుకుని, వార్డుకు రాగానే ఆయనే వేయాలి. ఈ ఒక్క మాటతో ఒప్పుకున్న పెద్దవాళ్లను చూశాను. చేతి దారాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి దిండు కింద ఉంచితే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇవన్నీ అడగడం గొంతెమ్మ కోరికలేమీ కాదు. మన దేశంలో ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లోనే రోగి నమ్మకాలను, ఆధ్యాత్మిక అవసరాలను గౌరవించాలని ఉంది. అమెరికాలో మాడలిన్ లైనింజర్ అనే నర్సు 1950ల నుంచే ఈ విషయం మీద పనిచేశారు. ఆమె చెప్పిన పద్ధతి ప్రకారం రోగి ఆచారంలో మేలు చేసేదాన్ని అలాగే ఉంచాలి, కొన్నింటిని సర్దాలి, హాని చేసేదాన్ని మాత్రం రోగితో కలిసి మార్చాలి. పసుపుతాడు ఆ మధ్య రకం. వరంగల్ వార్డుల్లో ఇది పుస్తకాల ముచ్చట కాదు. ఒక మంచం మీద మోచేతి పైదాకా గాజులున్న లంబాడీ అవ్వ ఉంటుంది, బీపీ పట్టీ ఎక్కడ చుట్టాలో తెలియదు. పక్క మంచం మీద ములుగు అడవుల నుంచి వచ్చిన కోయ తాత, తెలుగులో అడిగినదానికల్లా తలూపుతాడు. ఇంకో మంచం మీద రంజాన్ ఉపవాసంలో ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో ఎవరిని అడగాలో తెలియని అన్న. చేర్చుకునేటప్పుడే "మీకేమైనా పట్టింపులున్నాయా?" అని నర్స్ అడిగితే సగం తగాదాలు పుట్టవు. అడగకపోతే మీరే చెప్పండి.

అడగరు, చెప్పరు, ఆఖరికి దాస్తారు. నాకు అసలు భయం అక్కడే. మోకాళ్ల నొప్పికి మీ అమ్మ ఏదైనా పొడి గానీ, పసరు గానీ వాడుతున్నారా? ఇలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్ముతుంటారు. చాన్నాళ్లు వాడి హఠాత్తుగా మానేస్తే ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోవచ్చు, షుగరూ అదుపులో ఉండదు. తిడతారని దాచొద్దు, ఆ పొట్లమే తెచ్చి చూపించండి. డాక్టర్ చెప్పకుండా మీకు మీరు ఆపేయకండి.

ఒక్కపొద్దు గురించి: గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడుతూ పూట మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే, లేదా మిషన్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. ఆ పూటకు ఒక్కపొద్దు అయిపోయినట్టే. ఆపరేషన్ అయ్యాక పుండు మానేదాకా ఒక్కపొద్దు వద్దే వద్దు. శనివారం నీచు మానేయడానికి అభ్యంతరం లేదు, బదులుగా పప్పు, పెరుగు, పాలు బాగా తీసుకోవాలి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8 శాతం లోపు ఉండాలని చాలామంది సర్జన్లు అడుగుతారు. ఆ రిపోర్టు ఇప్పుడే చూసుకోండి.

ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి నీళ్లు కూడా బంద్. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొద్దున్నే ఎవరో ప్రేమతో గుడి ప్రసాదం నోట్లో పెడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. బొట్టు పెట్టండి, ప్రసాదం పక్కన ఉంచండి. విభూతి, పసుపు రెండూ మోకాలి కట్టు దరిదాపుల్లోకి రావద్దు. ఆక్సిజన్ ఉండే గదిలో అగరుబత్తి, కర్పూరం వెలిగించవద్దు, మంట అంటుకుంటుంది.

మేడారం బంగారం నిరభ్యంతరంగా పెట్టుకోనివ్వండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో. లేకపోతే రాత్రికి మంచమంతా చీమలు. తినేది మాత్రం చిటికెడే. బెల్లమైనా చక్కెరైనా షుగర్‌ను దాదాపు ఒకేలా పెంచుతాయి.

మొక్కు సంగతి: రెండేళ్లకోసారి వచ్చే జాతర రద్దీలోకి కొత్త మోకాలితో తొందరపడి తీసుకెళ్లకండి. ఆపరేషన్ అయిన మూడు నెలలకు, సర్జన్ సరేనన్నాక, జాతర లేని మామూలు రోజున వెళ్లినా గద్దెల దగ్గర మొక్కు చెల్లుతుంది. పుండు పూర్తిగా మానకుండా జంపన్నవాగులో మాత్రం దిగనివ్వకండి.