తీరం, తీరిక: ఒక సందేహం

ప్రశ్న: మా అభిమాన నటి మాల్దీవుల్లో సెలవులు గడుపుతూ, ఇసుకలో వాలుకుర్చీ వేసుకుని లావుపాటి చరిత్ర పుస్తకం చదువుతున్న ఫొటోలు పెట్టింది. ‘బీచ్‌లో చదివే పుస్తకమా అది?’ అని మా అభిమానుల్లో రెండు రోజులుగా వాదన. ఒకతను ‘తీరంలో తీరిక’ అని రాసి, తీరం నుంచే తీరిక పుట్టిందన్నాడు. నిజమేనా? ‘బీచ్ రీడ్’ను, అంటే సెలవుల్లో సరదాగా చదువుకునే తేలికపాటి పుస్తకాన్ని, తెలుగులో ఏమనాలి? ‘సేదతీరుతూ పుస్తక పఠనం చేస్తోంది’ అనడం సరైనదేనా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: పుట్టలేదు. తీరం సంస్కృతం, తీరిక తెలుగు. తీరానికి మూలం దాటడమనే అర్థమున్న ‘తౄ’ ధాతువు. తరించడం, తీర్థం, అవతారం అక్కడివే. తీర్థమంటే మొదట ఏటిలోకి దిగి దాటే రేవు. తీరం సంగతి ఇంతే.

తీరిక సంగతి ఇంతలో తేలదు. దాని తల్లి ‘తీరు’ క్రియ: ముగియడం, నెరవేరడం. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఈ ధాతువు ఉంది కానీ, మన ఇంట పెరిగినంత సంసారం చూడండి. దాహం తీరుతుంది, అప్పు తీరుతుంది, ముచ్చట తీరుతుంది. తగవు తీరిస్తే తీర్పు. నీళ్లు వాడుకున్న రైతు కట్టేది నీటి తీరువా. ‘తీరా వెళ్లేసరికి బస్సు లేదు’ అనే తీరా, ‘చేసి తీరాలి’ అనే పట్టుదల, తీరుబడి, తీరుబాటు అన్నీ ఆ కడుపునే పుట్టాయి. తీర్చిదిద్దిన ముగ్గులో ఉన్నదీ ఆ తీర్చడమే. ఒక పని ఎలా తీరిందో అదే దాని తీరు, అంటే పద్ధతి, అని నా నమ్మకం.

సంస్కృత క్రియామూలాల జాబితా అయిన ధాతుపాఠంలో ‘పార తీర కర్మసమాప్తౌ’ అని, పని ముగించే అర్థంలో ఒక తీర ధాతువు ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని మీ మిత్రుడు నాతో వాదించవచ్చు. అయినా ఇంత పిల్లాజెల్లా ఉన్న మాటను దత్తత ఇచ్చేయడానికి నాకు మనసొప్పదు.

తీరు అనగానే నాకు భద్రాచల రామదాసు గుర్తుకొస్తాడు. ‘ఏ తీరుగ నను దయ చూచెదవో ఇనవంశోత్తమ రామా, నా తరమా భవసాగరమీదను నళినదళేక్షణ రామా’. చిన్నప్పటి నుంచి వింటున్న కీర్తనే కదా అని దాటిపోకండి. ‘ఏ తీరుగ’ అంటే ఏ విధంగా అని. ‘నా తరమా’ అంటే నా వల్ల అయ్యే పనేనా అని. రెండో పాదంలో సముద్రం వచ్చింది, ఈదవలసిన మనిషి వచ్చాడు. తీరమనే మాట మాత్రం రాలేదు! ‘తీరుగ’ అన్నప్పుడు తీరం, ‘తరమా’ అన్నప్పుడు తరించడం చెవిలో మోగుతాయి. వ్యుత్పత్తి వేరైనా చెవికి చుట్టరికం కుదిరింది. మీ మిత్రుడి ‘తీరంలో తీరిక’ నాకు నచ్చింది కూడా ఇందుకే. పుట్టుక తప్పు చెప్పాడు గానీ, జత బాగా కూర్చాడు.

నా బాధల్లా మరొకటి. తీరిక అనవలసిన చోట ఇప్పుడందరూ ‘ఖాళీ’ అంటున్నారు, లేదా ‘ఫ్రీ’ అంటున్నారు. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. కుండ ఖాళీ, బస్సులో సీటు ఖాళీ. తీరిక అలాంటిది కాదు, పని తీరాక చేతికొచ్చేది. మన పల్లెల్లో ఉభాలు, అంటే వరినాట్లు, అయ్యాక అరుగు మీద కూర్చున్న రైతుది తీరిక. అతణ్ణి ఖాళీగా ఉన్నాడనడం అన్యాయం. మా నాయనమ్మ ‘పని తీరితే కదా తీరిక’ అనేది. ఆ ఒక్క మాటలో వ్యుత్పత్తీ ఉంది, అర్థమూ ఉంది. చదువుకున్న మనం రెండూ పోగొట్టుకుంటున్నాం. మీ నటి ఏ సినిమా ముగించుకుని వెళ్లిందో గానీ, ముగించుకునే వెళ్లి ఉంటే ఆమెది తీరికే.

ఇక సేదతీరడం. సేద అంటే అలసట. తీరేది అలసట, మనిషి కాదు. ‘ఆమె ఆకలి తీరుతోంది’ అంటే ఆమె తింటోందని ఎవరూ అనుకోరు, ఆకలి తగ్గుతోందనే అనుకుంటారు. కాబట్టి ‘సేద తీర్చుకుంటోంది’ అనడం నాకు ఇష్టం. అయితే రాజు కొలువుతీరుతాడు, జనం బారులు తీరుతారు. మనుషులు తీరడం భాషలో బొత్తిగా లేదనలేను. ‘సేదతీరుతోంది’ కూడా వాడుకలో స్థిరపడుతోంది, తప్పని కొట్టెయ్యను. కానీ ఫొటోల కింద ‘సేదతీరుతున్న అందాలు’ అని రాస్తున్నారే, అది మాత్రం ఒప్పుకోను. అందాలకు అలసట ఏమిటి?

‘పఠనం చేస్తోంది’ ఎందుకండీ? చదువుతోంది అనే చక్కటి మాట ఉండగా! వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట మీ శ్రీకాకుళం జిల్లాలోనిదే. మీరైనా ఆ ‘చేస్తోంది’ని వదిలిపెట్టండి.

‘బీచ్ రీడ్’కు ‘సముద్రతీర పఠనం’ అని రాసినవాళ్లున్నారు. అది చదివే మనిషిని చెబుతుందా, చదివే పుస్తకాన్నా? ‘తీరిక పుస్తకం’ అంటే బాగుంటుందేమో. బీచ్ అన్న మాట ఎలాగూ మనదైపోయింది, ‘బీచ్ పుస్తకం’ అన్నా నేను అడ్డు చెప్పను. ఏది నిలుస్తుందో నలుగురి నోళ్లలో నానాక తేలుతుంది. తీరిక పుస్తకమంటే సన్నపాటి నవలే కావాలని మాత్రం ఎక్కడా లేదు. లావుపాటి చరిత్రకే ఎక్కువ తీరిక కావాలి. ఆ లెక్కన మీ నటి చేతిలోది సరైన పుస్తకమే. కళింగపట్నం ఒడ్డుకో, బారువ ఒడ్డుకో వెళ్లేటప్పుడు మీరూ ఒకటి పట్టుకెళ్లండి.