కొన్న టెంప్లేటే అమ్మాను, తప్పు నాదవుతుందా?

ప్రశ్న: పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీల పీఎస్‌డీ ఫైళ్లు (ఫొటోషాప్‌లో తెరిచి మార్చుకునే డిజైన్లు) అమ్మే చిన్న వెబ్‌సైట్ నాది. ఒక గ్రూపులో 500 ఫైళ్ల ప్యాక్ 300 రూపాయలకు కొని, ఒక్కోటి 49కి పెట్టాను. ఒక పత్రికలోని వధూవరుల బొమ్మ తాను గీసిందని ఒక ఆర్టిస్ట్ మెయిల్ పంపారు. ఫైలు తీసేస్తే చాలా? ‘హక్కులన్నీ యజమానులవే’ అని సైట్ అడుగున రాసే ఉంది.

జవాబు: ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదండీ. హక్కు ఇంకొకరిదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. 1957 కాపీరైట్ చట్టంలో 51వ సెక్షన్ ప్రకారం దొంగ కాపీని అమ్మినా, అమ్మకానికి పెట్టినా ఉల్లంఘనే. కాపీరైట్ ఉందని తెలియదనీ, అనుమానించే కారణమూ లేదనీ మీరు రుజువు చేసుకుంటే 55వ సెక్షన్ కొంత ఊరటనిస్తుంది. అప్పుడు కూడా అమ్మకం ఆపమని, లాభం ఇచ్చేయమని కోర్టు చెప్పొచ్చు. 500 ఫైళ్లు 300కి వస్తుంటే అనుమానమే రాలేదంటే ఎవరు నమ్ముతారు? పైగా మెయిల్ చదివాక ఇక తెలియదనడానికి లేదు. తెలిసీ అమ్మితే 63వ సెక్షన్: 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా.

వేరేవాళ్లు పెట్టినదానికి సైట్‌ను బాధ్యత నుంచి తప్పించే ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ మీకు దొరుకుతుందనుకోకండి, అది ఇతరులు అప్‌లోడ్ చేసుకునే సైట్లకు. ఫలానా ఫైలు అని స్పష్టంగా తెలిశాకే అలాంటి సైట్లకు బాధ్యత అని మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మీరు స్వయంగా కొని, ధర కట్టి అమ్ముతున్నారు. మీకది వర్తించదు.

ఫైలు ఇవాళే తీయండి, అమ్మకాల లెక్క మాత్రం చెరపకండి. ఎన్ని అమ్మారో దాచకుండా ఆ ఆర్టిస్ట్‌కు చెప్పి, ఎంత ఇవ్వాలో అడగండి. 49 రూపాయల సరుకే కదా అనుకోవద్దు, చీర అంచులో ఒక్కో బుటా గీయడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నారో.

మిగతా 499 కూడా చూడాల్సిందే. ఫొటోషాప్‌లో ఫైలు తెరిచి, అక్షరాల లేయర్ల పక్కనున్న కన్ను గుర్తు నొక్కి వాటిని దాచండి. మిగిలిన బొమ్మను జేపీజీగా సేవ్ చేసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఫైల్ మెనూలోని ‘ఫైల్ ఇన్ఫో’లో ఒక్కోసారి గీసినవారి పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎవరిదో తేలని ఫైలును అమ్మకానికి పెట్టకండి.

ప్యాక్‌లో తెలుగు ఫాంట్లు ఉన్నాయా? రామభద్ర, మండలి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే అనుమతితో వచ్చినవి. పత్రికల్లో నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫాంటును విడిగా మాత్రం అమ్మకూడదు, ఎవరికైనా ఇస్తే లైసెన్స్ ఫైలు కూడా జతచేయాలి.